బిడ్డ దేవుడు కూర్చున్న జాలీ తలుపు

ఆఁ, ఆ జలుబు గొంతు దగ్గర కదూ ఆగాం? పొయ్యి మీద గంజి పొంగుతుంటే మధ్యలో లేచిపోయాను. సరే, వినండి.

మా సందులోకి ఆ బండి కంటే ముందు గొంతు వస్తుంది. "తలుపు జాలీలు, కిటికీ జాలీలు, చిరిగినవి మారుస్తాం. అద్దాలు వేస్తాం. జరగని తలుపులు జరిగేలా చేస్తాం." బండి నెత్తిన కట్టిన మైకులోంచి, ముక్కు దిబ్బడేసిన ఆడగొంతు. అది బండి నడిపే బీలియెన్ గొంతే. రికార్డు చేసిన రోజున ఆవిడకి పడిశం. తగ్గాక మళ్లీ చేద్దాం అనుకుంది. పడిశం తగ్గింది గానీ రికార్డు మారలేదు. ఇప్పుడు తైనాన్‌లో సగం ఊరికి ఆవిడంటే ఆ ముక్కుగొంతే. కూరల బజారులో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, "ఏమ్మా, ఇన్నేళ్లయినా తగ్గలేదా జలుబు?" అని.

"మందు మీ ఇంటి జాలీలో ఉంది. చించుకుని కబురు పెట్టండి, తగ్గిపోతుంది" అంటుంది. నోరు అలాంటిది.

మనిషి పొట్టి. చేతులు మాత్రం ఎవరో పొడుగాటి మనిషివి తెచ్చి తగిలించినట్టుంటాయి. మొగుడు ఆసింగ్‌ది అద్దాలు బిగించే పని. మేడ మీంచి నిచ్చెనతో సహా పడ్డాడు, నడుం పోయింది. అప్పటిదాకా బండిలో పక్క సీట్లో కూర్చుని గుమ్మడిగింజలు నములుతూ "ఎడమకి తిప్పు, కుడికి తిప్పు" అని దారి చెప్పిన ఆడది, ఆ నెలలోనే స్టీరింగు పట్టుకుంది. ఆయన ఇంట్లో కుర్చీలో కూర్చుని అల్యూమినియం పట్టీలు కోసి ఇస్తాడు. ఈవిడ ఊరంతా తిరిగి బిగించి వస్తుంది. మొదట్లో చట్రానికి జాలీ పరిస్తే మధ్యలో చింతపండు సంచిలా వేలాడేదిట. "ఆయన చూసి నవ్వలేదు టీచరమ్మా. నవ్వితే నడుం నొప్పి" అని ఆవిడే నాతో చెప్పి పగలబడి నవ్వింది.

ఆవిడ పద్ధతి ఒకటుంది. ఏ ఇంటి తలుపైనా సరే, ముట్టుకునే ముందు బండిలోంచి చిన్న చీపురు తీసి గడప నాలుగు మూలలూ ఊడుస్తుంది. ఊడ్చాక తలుపుని పట్టాల మీంచి ఎత్తి ఊడదీసి, సందులోకి మోసుకుపోతుంది. ఎంత ఎండైనా అక్కడే కూర్చుని పని. ఇంటివాళ్ల గడప మీద ఒక్క దెబ్బ కొట్టదు, కత్తెర తీయదు. "వసారాలో నీడ ఉంది కదే, ఇక్కడ కూర్చుని చేసుకో" అన్నా వినదు. ఈవిడకి శుభ్రం ఎక్కువ అనుకునేవాళ్లం మేమందరం.

అసలు సంగతి ఒక వానరోజు నాకు తెలిసింది. వాన తగ్గేదాకా మా వసారాలో నిలబడింది. అల్లం టీ ఇచ్చాను. తాగుతూ తాగుతూ తనే చెప్పింది.

పని కొత్తలో కాలవ అవతల ఒక ఇంట్లో పిలిచారు. పాతకాలం చెక్క తలుపు. గడప మీదే కూర్చుని పొద్దుటి నుంచీ మేకులు కొట్టింది. ఇంటామె కూడా పక్కనే నిలబడి మేకులు అందించింది. ఆ వారంలోనే ఆ ఇంటి చిన్నకోడలికి కడుపు పోయింది.

ఎవరికి తెలుసు? మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి నోటితో అనకూడదు కదా. అంటే బిడ్డ దేవుడు అలుగుతాడు. పుట్టబోయే బిడ్డకి కాపలా ఆయన. పుట్టేదాకా ఇంట్లోనే తిరుగుతూ ఉంటాడు, ఒకరోజు తలుపులో, ఒకరోజు పొయ్యిలో, ఒకరోజు మంచంలో. ఆయన కూర్చున్నచోట మేకు కొట్టినా, కత్తెర ఆడించినా, బరువు జరిపినా ఆ దెబ్బ బిడ్డకే తగులుతుందంటారు. ఆ చిన్నకోడలు అత్తగారికి కూడా చెప్పలేదుట, మూడు నెలలు నిండనీ అని. తర్వాత ఆ అత్తగారు బండికి అడ్డంగా వచ్చి నిలబడింది. మైకు తీగ పట్టుకుని ఊడబీకింది. "నువ్వు కొట్టిన ప్రతి మేకూ నా మనవడి ఒంట్లో దిగింది" అందిట.

"మేకులు అందించింది ఆవిడే కదా" అన్నాను నేను.

"ఆ మాట నేను అనగలనా టీచరమ్మా?" అంది బీలియెన్. కప్పు నేలమీద పెట్టింది. "కడుపుతో ఉన్నారా అని నేను అడగకూడదు. అడిగినా వాళ్లు చెప్పకూడదు. అందుకే ప్రతి ఇంట్లోనూ ఉన్నారనే అనుకుంటాను. ఊడుస్తాను. ఆయన్ని పక్కకి జరగమంటాను. మోసుకుపోతాను." కాలవ అవతలి ఆ సందులోకి మళ్లీ వెళ్లలేదుట.

ఇది గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మా సందు సంగతి చెబుతాను.

ఈ ఎండాకాలం డెంగీ వచ్చింది. సందు చివర తోఫూ పాయసం అమ్మే లిమ్ తాతని ముందు ఆస్పత్రికి తీసుకెళ్లారు. తర్వాత మంగలి కొడుకుని. ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి పూలకుండీల కింద పళ్లాలు, పాత బకెట్లు, నీళ్ల జాడీలు అన్నీ బోర్లించి, మమ్మల్ని చిన్నపిల్లల్ని తిట్టినట్టు తిట్టి వెళ్లారు. చారలకాళ్ల దోమ అది, సాయంత్రం పొద్దు వాలుతుండగా పనిలోకి దిగుతుంది. ఆ వేళకి సందులో ఒక్క తలుపు తెరిచి ఉండేది కాదు. పొడుగుచేతుల చొక్కాలు, ఇంటింటా దోమలబత్తి పొగ. మనిషి కనబడితే "ఎలా ఉన్నావు" అనడం మానేశారు, "జ్వరం లేదు కదా" అంటున్నారు.

మా పక్కిల్లు ఆచున్ వదినది. గోడ ఒకటే. మా సందులో ఇళ్లన్నీ ఒకే మేస్త్రీ ఒకే అచ్చులో పోసినట్టు కట్టాడు. తలుపులు, మెట్లు, ఆఖరికి మెట్టుమీద వంకర కూడా ఒకటే. ఆచున్ వదినా, కోడలు పెయ్‌రుంగ్ ఉంటారు. కొడుకు ఉద్యోగం ఉత్తరాన, ఆదివారాలు వస్తాడు. కోడలు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో కంపెనీ లెక్కలు చూస్తుంది.

ఆ ఇంటి జాలీ చిరిగింది. బట్టలారేసే వెదురుగడ పట్టుకుని వదిన లోపలికి వస్తూ ఇలా తిరిగింది, గడ కొస అలా దూరింది. మూరెడు చీలిక. "మీ పిల్లి పనే" అని నా మీదికొచ్చింది. మా పిల్లి అప్పుడు నా ఒళ్లో నిద్రపోతోంది. పోనీలెమ్మని ఊరుకున్నాను.

ఊరుకోవడానికి ఇంకో కారణం ఉంది. కొన్నాళ్లుగా ఆ ఇంట్లో వెల్లుల్లి వేగడం లేదు. కోడలు చేతిలో ఎప్పుడు చూసినా ఉప్పు రేగుపళ్ల పొట్లం. ఏసీ చల్లగాలి వద్దని కట్టేయించింది వదిన. దోమలబత్తి పొగకి ఆ పిల్ల వాంతి చేసుకోవడం గోడ ఇవతలికి వినబడింది. నాకు అర్థమైంది. అడగలేదు. ఒక్క ముక్క జారకుండా ఉండటానికి వదిన ఎదురుపడితే ఏదో ఒకటి నోట్లో వేసుకుని నములుతూ నిలబడేదాన్ని.

ఇప్పుడు చూడండి చిక్కు. తలుపు మూస్తే ఉక్కకి ఆ పిల్లకి కళ్లు తిరుగుతాయి. తెరిస్తే చీలికలోంచి దోమ. బత్తి పెడితే వాంతి. డెంగీ వస్తే మనకే ప్లేట్‌లెట్లు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది, రెండో ప్రాణం మోసేదాని గతేంటి? జాలీ బాగుచేయించుకోవడానికి లేదు, ఇంట్లో బిడ్డ దేవుడున్నాడు. సూదితో కుడదామంటే బిడ్డ కంటికి పోటు. టేపు అంటించి మూద్దామంటే, కన్నాలు మూస్తే బిడ్డకి ఏ కన్నం మూసుకుపోతుందోనని భయం. దోమతెర కడదామంటే ముడి వేయకూడదు. ఇవన్నీ వదిన బుర్రలో తిరుగుతున్నాయి. ఒక్కటీ బయటికి అనడానికి లేదు. పాపం, కారణం చెప్పలేనివాళ్ల కోపం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను.

పొద్దు వాలుతోంది. ముక్కుగొంతు వినబడింది. పెయ్‌రుంగ్ పరిగెత్తుకొచ్చి చెయ్యి ఊపింది. "అక్కా! ఆపండక్కా! తలుపు జాలీ మార్చాలి."

బండి ఆగింది. వెనకే వదిన చెప్పులు కూడా లేకుండా వచ్చింది. "ఏం అక్కర్లేదు! పో పో, ముందుకి పో."

"అదేంటత్తయ్యా, లిమ్ తాత సంగతి తెలిసి కూడా..."

"తాతకి తలుపే లేదు, తోపుడు బండి. మనకేం, బాగానే ఉంది."

బీలియెన్ దిగి వచ్చి చూసి ఈల వేసింది. "బాగానే ఉంది పెద్దమ్మా. దీంట్లోంచి దోమేంటి, దోమ పెళ్లి ఊరేగింపు కూడా పోవచ్చు."

"నీ బేరం కోసం నా తలుపుని ఎగతాళి చేస్తావేంటే?"

"ఎగతాళి ఉచితం పెద్దమ్మా" అంటూ చీలిక అంచుని పట్టుకుంది. ఒక దారం పోగు వేలాడుతోంది. కత్తిరించాలని కాదు, కొసతో ఎత్తి ఎంత పీలికలైందో చూడాలని, మాటల్లో పడి తన పద్ధతే మర్చిపోయి జేబులోంచి కత్తెర తీసింది.

వదిన ఆ చెయ్యి మీద ఠపీమని కొట్టింది. కత్తెర ఎగిరి సందులో పడింది.

మైకులో ఇంకా "అద్దాలు వేస్తాం" అంటోంది పడిశపు గొంతు. బీలియెన్ ఒకసారి వదిన మొహం చూసింది. కోడలి చేతిలో రేగుపళ్ల పొట్లం చూసింది. ఆవిడ మొహంలో రంగు దిగిపోవడం నేను మా గుమ్మంలోంచే చూశాను. వంగి కత్తెర తీసుకుంది, మైకు కట్టేసింది, బండి ఎక్కబోయింది.

"ఎక్కడికక్కా?" అంది పెయ్‌రుంగ్.

"వేరే పని గుర్తొచ్చిందమ్మా. ఇంకెవర్నైనా పిలుచుకోండి."

"ఈ వేళప్పుడు ఎవరొస్తారు?"

"నా వల్ల కాదు తల్లీ. నన్ను వదిలెయ్."

ఎందుకో అక్కడ నాకొక్కదానికే తెలుసు. వెళ్లిపోతే ఆ పిల్లకి ఈ సాయంత్రం ఆ చీలికే గతి. ఉండి తలుపు ముట్టుకుంటే, రేపు ఏ చిన్నది జరిగినా మళ్లీ బండికి అడ్డంగా ఎవరో నిలబడతారు. వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఊడ్చి, మోసుకుపోయి సందులో చేసుకోవచ్చు కదా, ఎప్పట్లాగే" అన్నాను మెల్లిగా.

"ఎప్పుడూ తెలియదు టీచరమ్మా, అందుకే చేశాను. ఇప్పుడు తెలుసు."

వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడే ఉంది. ఆయన ఏ రోజు ఎక్కడుంటాడో క్యాలెండరులో వేస్తారు, పొద్దుటే చూసుకుంది కాబోలు, "ఇవాళ అసలే తలుపు ముట్టకూడదు. ఇవాళ అసలే కాదు" అని గొణుగుతోంది. ఇవాళ ఆయన తలుపులో కూర్చున్నాడన్నమాట.

"మరి రేపు?" అంది పెయ్‌రుంగ్.

"రేపు చూద్దాం."

"మరి ఈ సాయంత్రం నేనెక్కడ కూర్చోను, ఫ్రిజ్‌లోనా?"

"నోరు చూశావా టీచరమ్మా నా కోడలిది? నీకేం, నీ తలుపు నిక్షేపంలా ఉంది, ఎన్ని సలహాలైనా చెబుతావ్!"

అంది, అని ఆగింది. నలుగురం మా తలుపు కేసి తిరిగాం. అదే కొలత. అదే మేస్త్రీ. అవే పట్టాలు. జాలీ పోయిన ఏడే బీలియెన్ వేసింది, గీత కూడా పడలేదు.

"మార్చుకుంటే పోలా" అంది పెయ్‌రుంగ్. "కత్తిరించేది లేదు, కొట్టేది లేదు. ఇది అటు, అది ఇటు."

వదిన ఆలోచించింది. "కన్నం మూసినట్టు కూడా కాదు" అంది తనలో తాను, పైకే. అని నాలిక్కరుచుకుంది. అందరం విననట్టు నటించాం.

"అయినా ఎత్తాలి కదా పెద్దమ్మా" అంది బీలియెన్. బండి తలుపు ఇంకా వదల్లేదు.

"ఊడ్చి ఎత్తు" అంది వదిన. "నీ దగ్గర చీపురుంది కదా. సందంతా చూస్తూనే ఉంది."

ఏమిటో, ఆ మాట వదిన నోటి నుంచి రావడంతో బీలియెన్ కాళ్లు కదిలాయి. చీపురు తీసింది. ముందు మా గడప ఊడ్చింది, అక్కర్లేకపోయినా. మా తలుపు రెండు చేతుల్లో పైకెత్తి ఇలా లాగింది, వచ్చేసింది. వసారా గోడకి ఆనించింది. తర్వాత వాళ్ల గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మూలమూలా ఊడ్చింది. పెదాలు కదులుతున్నాయి. నేనెప్పుడూ అంతసేపు ఊడవడం చూడలేదు.

లేచి తలుపు పట్టుకుని ఎత్తింది. రాలేదు.

మళ్లీ ఎత్తింది. పై పట్టాలో బిగుసుకుంది. పోయినసారి భూకంపానికి ఆ ఇంటి ముందు గోడ ఇంత ఒరిగింది, కంటికి కనబడదు గానీ తలుపుకి తెలుసు. సబ్బు రాసింది. నూనె పోసింది. నేనూ ఒక చెయ్యి వేశాను. సగం జరిగి ఐమూలగా ఇరుక్కుంది, ఇటు రాదు, అటు పోదు. ముందు మూరెడు చీలిక ఉండేది, ఇప్పుడు మనిషి పట్టేంత ఖాళీ. పొద్దు గుంకిపోతోంది. చెవి దగ్గర సన్నగా గుయ్‌మంది ఒకటి.

"ఒక్క దెబ్బ పడితే వచ్చేస్తుంది" అంది బీలియెన్. చెమట కళ్లలోకి కారుతోంది. బండిలోంచి రబ్బరు సుత్తి తెచ్చింది. పై మూలకి ఆనించింది. ఎత్తింది. కొట్టకుండానే దించేసింది.

"నా వల్ల కాదు."

"కొట్టక్కా, పర్లేదు" అంది పెయ్‌రుంగ్.

"నువ్వు లోపలికి పో అమ్మాయ్!" వదిన అరిచింది. ఆ పిల్ల వెళ్లలేదు. గుమ్మంలో, ఆ ఖాళీకి ఎదురుగానే నిలబడింది. అప్పుడే ఆమె మోచేతి మీద వాలింది. నల్లగా, కాళ్ల మీద తెల్లచారలు. పెయ్‌రుంగ్ ఠాప్‌మని కొట్టింది. అరచెయ్యి తిప్పి చూపించింది. నెత్తుటి చుక్క.

అది ఎవరి నెత్తురో ఎవరికి తెలుసు? కుట్టిందా, ఇంకెక్కడో తాగొచ్చిందా? తరగతి నిండా పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టినదాన్ని, ఆ అరచేతినే చూస్తూ నిలబడ్డాను.

వదిన చూసింది ఆ చుక్క. నడిచి వచ్చి బీలియెన్ చేతిలోంచి సుత్తి లాక్కుంది.

"తప్పుకో."

"పెద్దమ్మా, మీరు..."

"ఇది నా ఇల్లు. ఇది నా గడప. కొట్టేది నేను." తల పైకెత్తి, తలుపుతోనే అన్నట్టు అంది, "స్వామీ, జరుగు. జరగలేదంటే నా మీద కోపం పెట్టుకో. ఈ పిల్ల కూలికి వచ్చిన మనిషి, ఆ పిల్ల చిన్నపిల్ల. చెయ్యి నాది."

ఒక్కటే దెబ్బ. తలుపు ధబ్బుమని కిందికి దిగింది. బీలియెన్ అందుకుంది, లేకపోతే వదిన నెత్తిన పడేది. కన్ను మూసి తెరిచేలోగా మా తలుపు ఆ పట్టాల్లోకి ఎక్కించి, జరిపి, మూసేసింది. లోపల పెయ్‌రుంగ్, బయట మేము ముగ్గురం. మధ్యలో చిరగని జాలీ. వదిన సుత్తి ఇంకా పట్టుకునే ఉంది, దించడం మర్చిపోయింది.

చిరిగిన తలుపు మా వసారాలోకి తెచ్చి బీలియెన్ జాలీ మార్చింది. మా ఇంట్లో కత్తెర ఆడించొచ్చు, బిడ్డ దేవుడికి గోడ దాటి పక్కింట్లోకి వచ్చే పని లేదు కదా. పాత రబ్బరు తీగ పీకి, కొత్త జాలీ పరిచి, తీగని చిన్న చక్రంతో గాడిలోకి నొక్కుకుంటూ పోయింది. ఎప్పుడూ ఒక గీతలా పోయే తీగ ఆ రోజు రెండుసార్లు గాడి తప్పింది. నేను ఏదో జోకు వేశాను. నవ్వలేదు. వదిన బూడిదగుమ్మడి టీ తెచ్చి రెండు చేతులా ఇచ్చింది. తాగేసి, "ఎవరైనా అడిగితే..." అని మొదలుపెట్టింది బీలియెన్.

"అడిగితే కొట్టింది నేనని చెప్పు" అంది వదిన, గ్లాసు తీసుకుంటూ.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. ఆ వారం దాటగానే పెయ్‌రుంగ్‌కి ఒళ్లు కాలిపోయింది.

ఆస్పత్రికి తీసుకెళ్లారు. నెత్తురు తీశారు. పరీక్ష ఫలితం ఇంకా రాలేదు, అలా ఉంది సంగతి. వదిన ఇంటికొచ్చి పూజగది ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పాలబొంత చేప గంజి చేసి తీసుకెళ్లాను, ముట్టుకోలేదు. అగరొత్తి వెలిగిస్తుంది, అంటుంది, "కొట్టింది నేను." అది ఆరిపోతే ఇంకోటి వెలిగిస్తుంది, "కోడలు కాదు, ఆ తలుపులావిడ కాదు, నేను." గంజి మీద మూత పెట్టి పక్కనే కూర్చున్నాను.

సరిగ్గా ఆ వేళప్పుడే బీలియెన్ బండి సందు మొదట్లోకి వచ్చింది. ముక్కుగొంతు విని నేను లేచి వెళ్లేలోగా మంగలి భార్య ఎదురెళ్లి వార్త అందించేసింది. ఆవిడకి వార్త నోట్లో నిలవదు. "ఆచున్ కోడల్ని ఆస్పత్రికి తీసుకుపోయారే! ఏమవుతుందో ఏమో!" మైకు "జరగని తలు..." దగ్గర తెగిపోయింది. నేను గుమ్మంలోకి వచ్చేసరికి బండి వెనక్కి వెళుతోంది. "బీలియెన్! ఆగవే!" అని అరిచాను. అద్దంలో నన్ను చూసింది. ఆగలేదు.

ఆ సాయంత్రమే ఫలితం వచ్చింది. డెంగీ కాదు. ఆదివారం వచ్చిన కొడుకు తెచ్చి అంటించిన మామూలు జ్వరం, గొంతు వాపు. డాక్టరు బిడ్డ గుండె చప్పుడు కూడా వినిపించాడని వదిన దేవుడితో చెప్పుకోవడం గోడ ఇవతలికి వినబడింది. వదిన బయటికొచ్చి సందులో కొడుకుని ఫోనులో పెట్టిన చీవాట్లు సందంతా విన్నాం. "నీ దగ్గర చీడ నువ్వుంచుకోలేవా, రైలెక్కించి తీసుకురావాలా?"

బీలియెన్‌కి చెబుదామని ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. నాకు తెలుసు ఎందుకెత్తదో, ఎత్తితే ఏం వినాలోనని. మెసేజి పెడదామంటే ఏమని పెట్టను? "బిడ్డ క్షేమం" అని రాయడానికి ఆ మాట అప్పటికి ఎవరూ నోటితో అనలేదు. "జ్వరం తగ్గింది" అని పెట్టాను. చూసింది, జవాబు లేదు. జ్వరం తగ్గి కడుపు పోవడం కూడా ఉంటుంది కదా, ఆవిడ బుర్రలో అదే తిరుగుతూ ఉంటుంది. బండి మా సందుకి రావడం మానేసింది. పక్క సందులో గొంతు వినబడుతుంది, మా మలుపు దగ్గర ఆగిపోయి అటే పోతుంది. నేను చెప్పులేసుకుని మలుపుకి వెళ్లేసరికి ఉండదు.

మీరంటారు, ఇంటికే పోయి చెప్పొచ్చు కదా అని. చెప్పేది ఏమిటి? ఆ మాట నాది కాదు. నేను అనేసి, తర్వాత ఏదైనా అయితే? చూశారా, నాకూ పట్టింది ఆ భయం.

ఇవాళ పొద్దున కూరగాయలు తరుగుతుంటే వదిన వచ్చింది, కోడలిని పక్కన పెట్టుకుని. గుమ్మంలోనే నిలబడి, సందు మొత్తానికి వినబడేలా, మంగలి భార్య తలుపు తెరిచి ఉందో లేదో ఒకసారి తొంగిచూసి మరీ, "టీచరమ్మా, మా కోడలికి మూడు నెలలు నిండాయి!" అంది. నేను నిజంగా ఇప్పుడే తెలిసినట్టు చెంపలు నొక్కుకున్నాను. పెయ్‌రుంగ్ నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"అవునూ, ఆ తలుపులావిడ ఏమైంది? మనకి తెలిసిన మొహాల్లో ఒక్క ఆవిడకే ఇంకా చెప్పలేదు" అంది వదిన.

అప్పుడు చెప్పాను, కాలవ అవతలి ఇంటి సంగతి. వదిన మొత్తం వింది. "అందుకా సుత్తి ఎత్తి కూడా దించేసింది" అంది. "నీ ఫోను ఎత్తకపోతే ఇంటి ఫోనుకి చెయ్యి. మొగుడుంటాడుగా. నేను మాట్లాడతాను. కొట్టింది నేను, చెప్పాల్సింది కూడా నేనే" అని ఇక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇదిగో, నేను మీకు ఇదంతా చెబుతుంటే పక్కనుంచి, "నా గురించి అలా చెప్పకు, ఇలా చెప్పకు" అంటూనే ఉంది.

అన్నం వేళయింది. బీలియెన్ ఈ వేళప్పుడు మొగుణ్ణి కుర్చీలోంచి లేపి అన్నం దగ్గర కూర్చోబెట్టడానికి ఇంటికి వెళుతుంది. ఫోను ఆసింగ్ ఎత్తుతాడు. "పక్కనే ఉందా?" అని అడుగుతాను. ఉందంటే, ఆవిడ పెట్టేయమనేలోగా, మొదటి ముక్కలోనే బిడ్డ క్షేమం అని చెప్పేసి ఫోను వదినకి ఇచ్చేస్తాను. ఉండండి, చేస్తున్నాను.